ఎరువుల కొట్లో పనికి ఏ మడత చాకు కొనాలి?

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ జిల్లా గుణుపురం. నాన్నగారి ఎరువులు, విత్తనాల కొట్టు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. వయసు 26. బస్తాల కుట్లు విప్పడం, మందు సీసాల అట్టపెట్టెలు తెరవడం, ప్లాస్టిక్ పట్టీలు, పురికొస, డ్రిప్పు పైపులు కొయ్యడం రోజూ ఉండే పనులే. ఆదివారాలు జీడితోటకి వెళ్తాను. అక్కడ తాళ్ళు, చిన్న కొమ్మలు, తినడానికి పళ్ళు. జేబులో పెట్టుకునే మడత చాకు ఒకటి కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే నల్ల బ్లేడుతో, సగం రంపపు పళ్ళతో, బటన్ నొక్కితే తెరుచుకునేది ఆరు వందలకే వస్తోంది. స్నేహితుడు స్విస్ చాకు కొనమంటాడు, దానికి రెండు మూడు వేలు పెట్టాలి. నాన్నగారేమో సంతలో కమ్మరి చేత చేయించుకో, అయినా జేబులో చాకేమిటి, పోలీసులు పట్టుకుంటే ఏం చెప్తావు అంటున్నారు. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: బాబూ, మా అబ్బాయి ఈడు వాడివి, నువ్వు అనే రాస్తాను. ఆ నల్లది మాత్రం కొనకు. డబ్బు తక్కువని కాదు, నువ్వు రాసిన పనుల్లో చాలావాటిని అది సరిగ్గా చెయ్యదు. ఎందుకో కింద వివరంగా చెప్తాను. ముందు నీ పనుల జాబితా చూద్దాం, ఎందుకంటే అందులో సగానికి అసలు చాకే అక్కర్లేదు.

బస్తా కుట్టు సంగతి తీసుకో. యూరియా బస్తా మూతికి వేసేది గొలుసు కుట్టు. ఒక చివర నుంచి లాగితే ముడి బిగుసుకుంటుంది, రెండో చివర నుంచి లాగితే జర్రున మొత్తం ఊడొస్తుంది. ఏ చివర నుంచి వస్తుందో ఒకసారి కనిపెట్టి, బస్తాని ఎప్పుడూ అదే వైపు తిప్పి పెట్టుకుంటే చాలు. కొసన ఒక్క దారం తెంపడానికి చిన్న కత్తెర సరిపోతుంది. మీ కొట్లో హమాలీలకి ఇది తెలిసే ఉంటుంది, అడుగు. చాకుతో బస్తా మూతి కోస్తే సంచి పాడవుతుంది, లోపలి ప్లాస్టిక్ కవరు తెగి సరుకు తేమ పీలుస్తుంది.

ఇక అట్టపెట్టెలు. అట్ట చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ పదునుకి అంతకన్నా పెద్ద శత్రువు లేదు. పాత కాగితాన్ని మళ్ళీ గుజ్జు చేసి తయారుచేసిన అట్టలో సన్నటి ఇసుక, మట్టి రేణువులు ఉంటాయి. రోజూ పది పెట్టెలు కోస్తే ఎంత మంచి చాకైనా వారం తిరక్కుండా మొద్దుబారుతుంది. దీనికి స్టేషనరీ షాపులో దొరికే కట్టర్ వాడు. అదే, ముక్కలు ముక్కలుగా విరిచే బ్లేడు ఉంటుందే, అది. పదును పోగానే ఒక ముక్క విరిచి పారేస్తావు, అంతే. గల్లా పెట్టె పక్కన దారం కట్టి వేలాడదియ్యి, లేకపోతే ఎవరో ఒకరు పట్టుకుపోతారు. టేపు కోసేటప్పుడు రెండు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి తియ్యి. మందు సీసాల పెట్టె మీద బ్లేడు లోతుగా దిగితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

కట్టర్ విడిగా ఉండాలని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పురుగుమందు పెట్టె కోసిన బ్లేడుతోనే తోటలో మామిడికాయ కోసుకు తింటావా? పెట్టెలో ఏ సీసా మూత కారిందో, ఏ ప్యాకెట్ చిరిగిందో నీకు తెలియదు. పంచెకి తుడిచేస్తే పోయే మందులు కావవి. కాబట్టి కొట్టులోది కొట్టులోనే ఉండాలి, జేబులోది జేబులోనే ఉండాలి. బుధవారం చాటికోన సంతకి నియమగిరి నుంచి దిగివచ్చే డొంగ్రియా కొంధు గిరిజనుల్ని చూసే ఉంటావు. మగవాళ్ళ భుజాన గొడ్డలి ఉంటుంది, ఆడవాళ్ళ కొప్పులో చిన్న కత్తి ఉంటుంది. పెద్ద పనిముట్టు పెద్దదే, చిన్నది చిన్నదే.

కట్టర్‌కీ కత్తెరకీ అప్పగించాక చాకుకి మిగిలేవి ఇవి: ప్లాస్టిక్ పట్టీలు, పురికొస, నైలాన్ తాళ్ళు, డ్రిప్పు లేటరల్ పైపు (మొక్కల వరస వెంట పరిచే సన్నటి పైపు), వేలు లావు కొమ్మలు, పళ్ళు. వీటిలో ఒక్కదానికీ బలం అక్కర్లేదు. సన్నదనం కావాలి. కొత్తగా చాకు కొనేవాళ్ళు చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చేతికి బరువుగా తగిలితే గట్టిదనుకుంటారు. బ్లేడు వీపు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న చాకుతో జామకాయ కోసి చూడు. మొదట పై తొక్క తెగుతుంది, ఆ తర్వాత కాయ తెగదు, టక్కుమని పగులుతుంది. కట్టెలో మేకు దించినట్టే. రెండు మిల్లీమీటర్లు, ఇంకా తక్కువ ఉన్న బ్లేడు అయితే ముక్క పల్చగా, తడి మెరుపుతో వస్తుంది. లేటరల్ పైపు కూడా అంతే. మందం బ్లేడు పైపుని నలిపి వంకరగా తెంపుతుంది, ఆ వంకర చివర జాయినర్‌లో సరిగ్గా కూర్చోక నీళ్ళు కారతాయి. పల్చటి బ్లేడు అడ్డంగా తిన్నగా కోస్తుంది.

పొడవు ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లుంటే ఎక్కువే. అంతకు మించితే జేబులో బరువు, చూసేవాళ్ళకి అనుమానం.

సగం రంపపు పళ్ళ గురించి. ఆ పళ్ళు నైలాన్ తాడుకి బాగా పనికొస్తాయి, కాదనను. కానీ పిడికి దగ్గర, అంటే చేతి బలం బాగా అందే చోట పళ్ళు పెట్టి, మామూలు అంచుని ముందుకి తోసేశారు. కొమ్మ చెక్కాలన్నా, కాయ తొక్క తియ్యాలన్నా కావలసింది ఆ పిడి దగ్గర అంచే. పైగా పళ్ళు మొద్దుబారితే మామూలు సానరాయి మీద పట్టడం కుదరదు, సన్నటి గుండ్రటి సాన పుల్ల కావాలి. ఇక నల్ల రంగంటావా, అది పూత మాత్రమే. నెల రోజుల్లో గీతలు పడుతుంది.

స్టీలు దగ్గరికి వద్దాం. ఆరు వందల చాకుల మీద '440' అనో 'సర్జికల్ స్టీల్' అనో పెద్ద అక్షరాలతో వేస్తారు. 440లో ఎ, బి, సి అని మూడు రకాలున్నాయి. ఎ రకంలో కార్బన్ సుమారు 0.65 శాతం, సి రకంలో దాదాపు ఒక శాతం. ఆ తేడాయే పదును నిలవడంలో కనిపిస్తుంది. వట్టి 440 అని ఉంటే ఏ రకమో చెప్పలేదన్నమాట. సర్జికల్ స్టీల్ అనేది ప్రచారానికి వాడే మాట, దానికంటూ ఒక గ్రేడు లేదు. బ్లేడు మీద నీటి అలల్లాంటి డమాస్కస్ డిజైన్ ఉంటే, తక్కువ ధర వాటిలో చాలావరకు అది పైపైన ముద్రించిందే.

నీ విషయంలో స్టెయిన్‌లెస్సే తీసుకోమంటాను. మామూలుగా అయితే నాకు కార్బన్ స్టీలు అంటేనే ఇష్టం, రాయి మీద నాలుగు సార్లు లాగితే చాలు, పదునెక్కుతుంది. కానీ నువ్వుండేది ఎరువుల కొట్లో. నీ చేతికి, జేబుకి, గుడ్డకి ఎప్పుడూ ఆ దుమ్ము ఉంటుంది. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఉప్పు లాంటిదే. గాలిలో తేమ పట్టి ఇనుము మీద కూర్చుంటే తెల్లారేసరికి ఎర్రటి మచ్చ. వానాకాలం వంశధార ఒడ్డున గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు. స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పట్టదని ధీమాగా ఉండకు, క్లోరైడ్ వల్ల దానికీ సూది మొనంత గుంటలు పడతాయి. కాకపోతే చాలా ఆలస్యంగా. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచెయ్యి. మడత కీలు దగ్గర నెలకో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పైకి వచ్చింది తుడుచుకో. వంటనూనె వెయ్యకు, కొన్నాళ్ళకి బంకలా గట్టిపడి చాకు తెరుచుకోదు. పనసకాయ కోసేటప్పుడు మాత్రం బ్లేడుకి వంటనూనె రాసుకోవాలి, అది వేరే సంగతి.

మరీ గట్టి స్టీలు వెంట కూడా పడకు. స్విస్ చాకుల బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 56 దరిదాపుల్లో ఉంటుంది. కత్తులు సేకరించేవాళ్ళు దాన్ని మెత్తన అంటారు. అరవై దాటిన స్టీళ్ళు పదును చాలా రోజులు నిలుపుతాయి, నిజమే. కానీ అది పోయిన రోజు మామూలు సానరాయి మీద అంత త్వరగా లొంగవు, కొన్నింటికి వజ్రపు పొడి పలకలు కావాలి. 56 అయితే పదును త్వరగా పోతుంది, అంతే త్వరగా తిరిగి వస్తుంది. రోజూ వాడేవాడికి అదే సుఖం.

మడత చాకులో ఇంకో ముఖ్యమైన విషయం లాక్. స్విస్ చాకు ఎర్ర పిడిది సాధారణ రకం, లాక్ ఉండదు. వీపు వైపు ఉండే స్ప్రింగు బలంతోనే బ్లేడు నిలబడుతుంది. అంచు మీద బలం పెట్టి కోసినంత సేపూ అది మడతపడదు. మొనతో పొడిచినా, డబ్బా మూత ఎత్తడానికి చూసినా మడతపడి వేళ్ళ మీదికి వస్తుంది. లాక్ ఉన్నవాటిలో రకరకాలున్నాయి. లైనర్ లాక్ అంటే పిడి లోపలి పల్చటి రేకు పక్కకి జరిగి బ్లేడు మడమకి, అంటే పిడి వైపు కొసకి, అడ్డం నిలుస్తుంది. దాన్ని మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది, ఆదమరిస్తే తెగేది ఆ వేలే. కొనేముందు తెరిచి బ్లేడుని పక్కలకి ఊపి చూడు, టకటక కదిలితే వదిలెయ్యి. మూసినప్పుడు రెండు రేకుల మధ్య నడిమిన కూర్చోవాలి, ఒక పక్కకి ఆనుకుంటే రోజూ గీసుకుని పదును పోతుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షలు ఇంటికొచ్చాక చేసుకో, నచ్చకపోతే తిరిగి పంపే వీలున్న చోటే ఆర్డరు పెట్టు.

కమ్మరి గురించి నాన్నగారు చెప్పింది సగం నిజం, ఆ సగం చాలా విలువైనది. మన సంతల్లో కమ్మర్లు లారీ కమాను పట్టీలతో కత్తులు, కొడవళ్ళు సాగదీస్తారు. అది అసలు సిసలు స్ప్రింగు స్టీలు. తోటలో కొమ్మలు కొట్టడానికి, కొబ్బరిబోండాం చెక్కడానికి ఆ కత్తికి సాటి వచ్చేది ఏ కంపెనీ చాకూ కాదు. వేలు లావు దాటిన కొమ్మ ఏదైనా దానితోనే కొట్టు, చాకు మీద సుత్తి దెబ్బలు వెయ్యకు. కానీ మడత కీలు, స్ప్రింగు వేరే విద్య. వెంట్రుక వాసి తేడా వచ్చినా బ్లేడు ఊగుతుంది. కమ్మరి దగ్గర తోట కత్తి చేయించు, చాకు బయట కొను. ఇద్దరి మాటా చెల్లుతుంది.

ఏది కొనాలో చెప్పమంటే, స్విస్‌లో విక్టోరినాక్స్ కంపెనీ చేసే టింకర్ అనే రకం. చాలామంది అదే కంపెనీ స్పార్టన్ రకం కొంటారు. రెండూ మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు, రెంటికీ పెద్ద బ్లేడొకటి, చిన్న బ్లేడొకటి ఉంటాయి. తేడా వెనక వైపు. స్పార్టన్‌కి సీసా బిరడా తీసే మెలిక ఉంటుంది, టింకర్‌కి దాని స్థానంలో స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటుంది. గుణుపురంలో బిరడా సీసాలు నువ్వు ఎన్ని తెరుస్తావు? స్ప్రేయర్ మరలు బిగించడం మాత్రం ఉండనే ఉంటుంది. దానికున్న చిల్లు పొడిచే మొన టార్పాలిన్‌కి, స్ప్రేయర్ పట్టీకి భలే పనికొస్తుంది. పెద్ద బ్లేడు తాళ్ళకీ పట్టీలకీ, చిన్న బ్లేడు తిండికి అని మొదటిరోజే నియమం పెట్టుకో. నకిలీలు విపరీతంగా ఉన్నాయి. పెద్ద బ్లేడు మడమ మీద కంపెనీ పేరు ముద్ర స్పష్టంగా ఉందో లేదో చూడు. తెరిచినా మూసినా స్ప్రింగు ఠక్కున మోగాలి, వదులుగా జారకూడదు.

బడ్జెట్ అంత లేకపోతే ఫ్రాన్స్ వాళ్ళ ఒపినెల్ ఉంది, 1890 నుంచి చేస్తున్నారు. కర్ర పిడి, ఒక్కటే పల్చటి బ్లేడు, మెడ దగ్గర తిప్పితే లాకయ్యే ఉక్కు రింగు. 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, నీకు 7 చాలు. అందులోనూ స్టెయిన్‌లెస్ రకం అడుగు. పళ్ళు కొయ్యడంలో దీని ముందు స్విస్ చాకు దిగదుడుపే. చిక్కల్లా కర్రతోనే. వానాకాలం తేమకి ఉబ్బి బ్లేడుని బిగబట్టేస్తుంది. గోరు విరిగేలా లాగకు. రింగు వదులు చేసి, పిడి వెనక చివరని బల్ల మీద టక్కుమని కొట్టు, బ్లేడు కాస్త బయటికి వస్తుంది. పిడి అందానికి పర్లాకిమిడి కొమ్ము పని వాళ్ళ చేత కొమ్ము పిడి వేయించాలని నీకూ బుద్ధి పుట్టవచ్చు. చూడ్డానికి బాగుంటుంది గానీ కొమ్ము ఎండకి కుంచించుకుని, వానకి ఉబ్బి వంకర తిరుగుతుంది. బల్ల మీద పెట్టుకునే చాకుకి వేయించు, జేబులో దానికి వద్దు.

ఏది కొన్నా సానరాయి కొనకపోతే మూడు నెలల తర్వాత నీ దగ్గర ఉండేది మొద్దు చాకే. మొద్దు చాకుతో బలం పెట్టి నొక్కుతాం, అది జారుతుంది, అప్పుడే చెయ్యి తెగుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది. దాన్ని నీళ్ళలో తడిపి, కదలకుండా తడిగుడ్డ మీద పెట్టు. బ్లేడు వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లనుకుంటే, వీపుని రాయి మీద నుంచి అర సెంటీమీటరు ఎత్తి పట్టుకో. అదే ఇరవై డిగ్రీల వాలు. ఆ వాలు చేతికి అలవాటయ్యేదాకా ఒక కిటుకు: అంచు పొడుగునా నల్ల మార్కర్ పెన్నుతో గీత గీసి, రాయి మీద రెండు సార్లు లాగి చూడు. నలుపు అంచు కొస దాకా పోయిందా, వాలు సరిగ్గా ఉంది. పైన మాత్రమే పోయి కొసన మిగిలిందా, వీపు ఇంకొంచెం ఎత్తాలి. ఒక వైపే రుద్దుతూ ఉంటే కాసేపటికి రెండో వైపు అంచుకి సన్నటి గరుకు లేస్తుంది. వేలిని అంచు పొడుగునా కాకుండా, వీపు నుంచి అంచు బయటికి జార్చి చూస్తే ఆ గరుకు తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా వచ్చాక రెండో వైపు రుద్దు. తర్వాత నునుపు వైపు, చివరికి పాత తోలు బెల్టు లోపలి వైపున వెనక్కి వెనక్కి లాగు. దినపత్రిక అంచుని గాలిలో పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి.

సాన పట్టేవాడి మోటారు చక్రానికి మాత్రం ఇవ్వకు. చక్రం వేడికి సన్నటి అంచు నీలం రంగు తిరిగితే ఆ స్టీలుకి ఎక్కించిన గట్టిదనం పోయినట్టే, ఇక పదును నిలవదు. తోట కత్తికి పరవాలేదు.

నాన్నగారి భయం సంగతి. 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే తయారుచేసిన వస్తువుల్ని ఆయుధాల లెక్కలో వెయ్యదు. 2016 నియమాల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవు, లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేడుల ప్రస్తావన ఉంది, అక్కడా ఇంటి, వ్యవసాయ, పరిశ్రమల పనిముట్లకి మినహాయింపు ఉంది. నీ ఏడు సెంటీమీటర్ల చాకు వాటి దరిదాపుల్లో లేదు. బటన్ చాకు కథ వేరు. ఢిల్లీలో 1980 నుంచే స్ప్రింగుతో, బటన్‌తో తెరుచుకునే చాకుల మీద నోటిఫికేషన్ ఉంది. అది ఢిల్లీకి సంబంధించిందే, కానీ బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే దాన్ని చూసి ఇది ఉల్లిపాయలు తరగడానికి అంటే ఏ కానిస్టేబులూ నమ్మడు. ఆ ఆరు వందలది వద్దనడానికి ఇది ఇంకో పెద్ద కారణం.

మన వైపు కొండ దారుల్లో బస్సు ఆపి సంచులు వెతకడం కొత్త కాదు. అలాంటప్పుడు చాకు ఉందని నువ్వే ముందు చెప్పు, జేబులోంచి నువ్వు తియ్యకు, వాళ్ళు తియ్యమంటేనే మూసి ఉన్నదాన్ని అందించు. కొట్టు పేరున్న బిల్లు పుస్తకమో విజిటింగ్ కార్డో దగ్గరుంటే మాట త్వరగా తెగుతుంది. గొడవల రోజుల్లో కలెక్టరు ఆయుధాలు మోయకూడదని ఉత్తర్వు ఇస్తారు. ఒకప్పుడు 144 సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 163. ఆ రోజుల్లో, పోలింగు రోజున, కోర్టుకి వెళ్ళే రోజున చాకుని గల్లా పెట్టెలో వదిలి వెళ్ళు. విశాఖలో విమానం ఎక్కే పని పడితే చాకు చేతి సంచిలో ఉండకూడదు, చెకిన్‌లో ఇచ్చే పెట్టెలో వేసెయ్యి. మర్చిపోతే స్కానింగ్ దగ్గర టింకర్ అయినా ఆరు వందలదైనా ఒకటే, తీసేసుకుంటారు.